పొగాకు - వయోనియమము

గడచిన సంక్రాంతికి మా యింటికి దూరపు చుట్టమొకరు వచ్చిరి. వయసుచెల్లిన పెద్దమనిషి. సాయంకాలము కాఫీ యైనపిదప వారికి చుట్టలు కావలసివచ్చెను. మేము అలవాటుచొప్పున పండ్రెండేండ్ల మా కుమారుని పిలిచి, డబ్బులిచ్చి, వీధి చివరనున్న కిళ్ళీకొట్టునకు పంపితిమి. వాడు చుట్టలకట్ట తెచ్చి పెద్దవారి చేతికిచ్చి, పిమ్మట మా ప్రక్కకు వచ్చి నిలిచి, "నాన్నగారూ, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి పొగాకు అమ్మడం నేరమని ఆ కొట్లో బోర్డుంది. మరి నాకెందుకిచ్చాడు? నన్నెందుకు పంపించారు?" అని యడిగెను. మొదటి ప్రశ్నకు కొట్టువానిపై నెపము పెట్టి ఏదో యొకటి చెప్పవచ్చును. రెండవదానికి మాకు సమాధానము దొరకలేదు. చుట్టముగారు నవ్వి, పిల్లవాడు చురుకైనవాడని మెచ్చుకొని, చుట్ట ముట్టించిరి.

మేము ఇరువదియేండ్లుగా ఈ కొల్లూరి ప్రాంతమున బడిపిల్లలకు పాఠములు చెప్పుచున్నవారము. ఆ కొట్టుముందు ప్రతిదినము నడచిపోవుచు, ఆ బోర్డును వేయిసార్లు చూచియు, దానిని ఒక్కసారియు చదివినవారము కాము. చదివినవాడు మా కుమారుడు. వాని ప్రశ్నకు బదులు చెప్పుటకై ఆ అంకె యెక్కడనుండి వచ్చినదో, ఏ యే దేశములవారు పొగాకునకు ఏ యే వయస్సును గీతగా గీచిరో, ఆ గీత ఎచ్చట నిలిచినదో, ఎచ్చట చెరిగినదో, కొన్ని మాసములు శ్రమపడి తెలిసికొంటిమి. చదువరులలో పిల్లలుగల గృహస్థులే హెచ్చు కాబట్టి ఆ చరిత్రను ఇచ్చట మనవిచేయుచున్నాము.

మొదట మన శాస్త్రములనే చూతము. ధూమపానమను మాట మనదేశమున పొగాకుకంటె వేయేండ్లకు పైగా ప్రాచీనమైనది. చరక సుశ్రుతులు ఔషధద్రవ్యములను నూరి వత్తిగా చేసి, గొట్టముద్వారా పీల్చు చికిత్సను విధించిరి. వారి తరువాతివాడైన వాగ్భటుడు అష్టాంగహృదయము సూత్రస్థానములో నస్యవిధిని చెప్పుచు, ఏ చికిత్స ఏ వయస్సున తగునో లెక్కకట్టి చెప్పెను. నస్యము ఏడేండ్లు నిండనివానికిని ఎనుబదియేండ్లు దాటినవానికిని కూడదట. పుక్కిలించు మందు ఐదేండ్లలోపువానికి కూడదట. వమనవిరేచనములు పదియేండ్లలోపున గాని డెబ్బదియేండ్లపైన గాని కూడవట. ఇక ధూమమో, పదునెనిమిదేండ్లు నిండనివానికి కూడదట.

ఈ మాట చదివి మేము ఆశ్చర్యపడితిమి. అయినను సర్వమును మనవారు ముందే చెప్పిరని డంబము పలుకుట మా యుద్దేశము కాదు. వాగ్భటుడు పొగాకును ఎరుగడు. ఆయన చెప్పినది రోగికి వైద్యుడిచ్చు మందుపొగను గూర్చి. నేటి చట్టములోని పదునెనిమిది, మనిషి మైనారిటీ తీరి మేజరగు వయస్సు. 1875 నాటి మేజారిటీ శాసనమునుండి మనకు అలవాటైనది. రెండు సంఖ్యలును కలియుట యాదృచ్ఛికమే. మాకు ముఖ్యముగా తోచినది వేరొకటి. మేలుచేయు మందుపొగకే వైద్యుడు వయస్సు చూచెను. ఒకే వస్తువు ముదిరిన దేహమున ఒక రీతిగాను, ఎదుగుచున్న దేహమున మరియొక రీతిగాను పనిచేయునని ఆయన యెరిగెను. వయోనియమమునకు మూలమైన జ్ఞానము ఇదియే.

పొగాకు అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి ఓడలమీద మన తీరమునకు వచ్చినది. అక్బరు పాదుషా కొలువులోని అసద్ బేగు, 1604-05 ప్రాంతమున బిజాపురమునుండి దానిని కొనిపోయి, అలంకరించిన గొట్టముతో పాదుషాకు సమర్పించెను. వైద్యులు వలదన్నను అక్బరు ఒకటి రెండు దమ్ములు పీల్చెను. ఆ దినముననే ప్రభువులందరు తమకును కావలెననిరి. పండ్రెండేండ్లు గడచునప్పటికి, 1617లో, ఆయన కుమారుడైన జహంగీరు దానివలన కలుగు చెరుపును చూచి ఎవ్వరును పొగ త్రాగరాదని ఆజ్ఞాపించెను. ఇంగ్లండున మొదటి జేమ్సురాజు 1604లో పొగాకును దూషించుచు చిన్నగ్రంథమే వ్రాసి, దానిపై సుంకమును పలురెట్లు పెంచెను. ఈ రాజాజ్ఞలన్నియు పెద్దలకు పిన్నలకు ఒక్కటే. వయస్సు మాట వానిలో లేదు. అందరిని ఒక్కసారిగా మాన్పింపబూనిన ఆజ్ఞలు ఎవ్వరిని మాన్పింపలేకపోయినవి. రాజుల తరువాత రాజులు ఆ సుంకముతో బొక్కసము నింపుకొనిరి.

తెలుగునాట ఈ క్రొత్త ఆకునకు మనవారు కట్టిన పేరు పొగాకు. చుట్టి చేసినది చుట్ట. రెండు మూడు తరములలో అది తాంబూలము ప్రక్కన చోటు సంపాదించుకొన్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున స్త్రీలు నిప్పుగల కొనను నోటిలోనికి పెట్టుకొని 'అడ్డపొగ' త్రాగు వాడుక కూడ పుట్టినది; దానివలన అంగిటిలో పుట్టు క్యాన్సరును గూర్చి వైద్యులు ఎన్నియో పరిశోధనలు చేసిరి. అయినను చుట్ట ఘాటైన వస్తువు. పసివాడు పీల్చిన దగ్గును, తల తిరుగును, వాంతి చేసికొనును. ఆ ఘాటే కొంతకాలము పిల్లలకు రక్షగా నుండెను.

ఆ రక్షను తొలగించినది సిగరెట్టు. 1881లో అమెరికాలో జేమ్సు బాన్సాకు అనునతడు సిగరెట్లు చుట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. చేతితో చుట్టువారు దినమునకు రెండు మూడు వేలు చుట్టగా ఆ యంత్రము లక్షకు పైగా చుట్టెను. సరకు కుప్పలుగా పడెను, ధర పడిపోయెను. సన్నని కాగితపు గొట్టము, మెత్తని పొగ, పిల్లవాని జేబులో పట్టు వెల. ఇది వచ్చిన తరువాతనే లోకమున వయోనియమములు వరుసగా పుట్టసాగినవి. 1883లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము పదునారేండ్లలోపువారికి పొగాకు అమ్మరాదని శాసించెను. ఇతర రాష్ట్రములు దాని వెంట నడచినవి. 1920 నాటికి పదికి మించిన రాష్ట్రములలో ఈ వయస్సు 21 సంవత్సరములుగా నుండెను.

ఆసియాఖండమున ముందడుగు వేసినది జపాను. అమెరికాలో చదివి స్వదేశమునకు తిరిగివచ్చిన నెమొటో షో అను ప్రతినిధి పట్టుదలవలన 1900లో అచ్చటి శాసనసభ ఇరువదియేండ్లలోపువారు పొగ త్రాగరాదని చట్టము చేసెను. ఆ చట్టము వ్రాసిన తీరు మన గృహస్థులు ఆలోచింపదగినది. పిల్లవానికి జరిమానా లేదు. వాని చేతిలోని పొగాకును, గొట్టమును మాత్రము తీసివేయవలెను. తెలిసియు అడ్డుపడని తల్లిదండ్రులకు ఒక యెన్‌వరకు జరిమానా. త్రాగుటకేయని తెలిసియు పిల్లవానికి అమ్మిన వర్తకునికి పది యెన్‌లవరకు జరిమానా. తండ్రి దోషమునకంటె వర్తకుని దోషమును పదిరెట్లుగా నెంచిరి. కాని తండ్రిని విడిచిపెట్టలేదు. 2022లో జపాను మేజరువయస్సును ఇరువదినుండి పదునెనిమిదికి తగ్గించినప్పుడు కూడ పొగాకు విషయమున ఇరువదినే నిలుపుకొన్నది.

ఇంగ్లండువారిని మేల్కొల్పినది యుద్ధము. 1899 మొదలు 1902 వరకు జరిగిన బోయరుయుద్ధమునకు సైనికులుగా చేరవచ్చిన యువకులలో అనేకులు దేహదార్ఢ్యము చాలక తిరస్కరింపబడిరి. జాతి ఏల క్షీణించుచున్నదని విచారించుటకు ఏర్పడిన సంఘము 1904లో తన నివేదికలో బాలుర ధూమపానమును కూడ కారణములలో నొకటిగా పేర్కొనెను. దాని ఫలము 1908 నాటి బాలల శాసనము. పదునారేండ్లలోపువానికి సిగరెట్టు అమ్మరాదు. వీధిలో పిల్లవాడు పొగ త్రాగుచు కనబడినచో పోలీసువాడును, ఉద్యానవనపు కావలివాడును దానిని లాగుకొనవచ్చును.

ఈ శాసనములో ఒక సందు ఉండెను. సిగరెట్టు మాత్రము, పిల్లవాడు తనకై కొన్నను, పరులకై కొన్నను, అమ్మరాదు. కాని పైపులో వేయు పొగాకు మొదలైనవి, ఆ పిల్లవాని వాడుకకని అనుమానము లేనిచో, అమ్మవచ్చును. తండ్రి పొగాకు పొట్లమునకై కుమారుని కొట్టునకు పంపు వాడుక ఆ దేశమున కూడ నుండెను. శాసనకర్తలు ఆ తండ్రికి కష్టము కలిగింప జంకిరి. నియమము వీధిలో పిల్లవానిని పట్టుకొన్నది. ఇంటి గడపయొద్ద ఆగిపోయినది. ఈ దేశము పదునారును పదునెనిమిదిగా మార్చునప్పటికి 2007 వచ్చెను.

మనదేశమునకు వత్తము. బంగాళమున 1919లో బాలధూమపాన శాసనము పుట్టెను. అందలి వయస్సు పదునారు. మన తెలుగునాట ఆ కాలమున జరుగుచున్నది వేరు కథ. గుంటూరు మండలపు మెరకభూములలో 1920 తరువాత వర్జీనియా పొగాకు వేళ్ళూనెను. ఆకును కాల్చి పండించు బ్యారన్లు వెలసినవి. చీరాలలో ఆకు కంపెనీవారి కర్మాగారము వేలమందికి కూలి నిచ్చెను. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము ఏర్పడెను. 1976లో పొగాకు బోర్డు గుంటూరు ముఖ్యస్థానముగా నెలకొనెను. 2022 ఏప్రిలునందు క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా కొల్లూరును, ఆ చీరాలయు ఒకే బాపట్ల జిల్లాలో చేరినవి. మాది కృష్ణకాలువల వరిచేల సీమ, లంకతోటల సీమ. అయినను మా బంధువులలో పొగాకు పైరుమీద ఆడపిల్లల పెండ్లిండ్లు చేసినవారు కలరు, ఆ కూలితో పిల్లలను చదివించినవారును కలరు. ఆ రైతును దూషించుటకు మాకు నోరు రాదు. పెద్దవానికి అమ్ముటను వయోనియమము నిషేధింపదు. పసివానికి అమ్మకుండుటవలన బ్రతుకలేని పైరేదైన నున్నచో, అది పసివాని ప్రాణమును పెట్టుబడిగా పెట్టుకొన్న పైరు కావలెను. మన రైతు అట్టి బ్రతుకు కోరుకొనడని మా నమ్మకము.

మన చట్టములను కాలక్రమమున పెట్టి చూచినచో ఒక విచిత్రము కనబడును. 1966లో బీడీ, చుట్టల పనివారి చట్టము వచ్చెను. పదునాలుగేండ్లలోపు పిల్లలు ఆ కర్మస్థలములలో పని చేయరాదని విధించెను. 1975లో సిగరెట్ల చట్టము వచ్చెను. పొగ త్రాగుట ఆరోగ్యమునకు హానికరమని పెట్టెపై ముద్రింపుమని చెప్పెను గాని కొనువాని వయస్సును గూర్చి మాటాడలేదు. అనగా, పదేండ్ల పిల్లవాడు కర్మస్థలమున బీడీ చుట్టుట తప్పు. ఆ బీడీనే అంగడిలో కొని కాల్చుటకు దేశమంతటికి వర్తించు అడ్డులేదు. ఈ స్థితి ముప్పదియేడేండ్లు నడచెను. ఢిల్లీ రాష్ట్రము 1996లో పదునెనిమిదేండ్లలోపువారికి అమ్మరాదని చట్టము చేసెను. 2002లో ఆంధ్రప్రదేశమున ధూమపాన నిషేధ, ఆరోగ్యరక్షణ చట్టము వెలువడెను. 2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టము పార్లమెంటున నెగ్గెను.

ఆ 2003 చట్టముయొక్క 6వ సెక్షనులో రెండు విధులు కలవు. పదునెనిమిదేండ్లలోపువారికి ఏ పొగాకు వస్తువును అమ్మరాదు. విద్యాలయమునకు నూరు గజములలోపల ఎవ్వరికిని అమ్మరాదు. 2004 నాటి నియమములు, ప్రతి అంగడివాడు అరువది సెంటీమీటర్ల పొడవు, ముప్పది సెంటీమీటర్ల వెడల్పునకు తగ్గని బోర్డును పెట్టవలెనని చెప్పినవి. మా కుమారుడు చదివిన బోర్డు ఇదియే. తప్పిన అంగడివానికి రెండువందల రూపాయలవరకు జరిమానా. 2015 నాటి బాలన్యాయచట్టము దీనికంటె మిక్కిలి కఠినమైనది. దాని 77వ సెక్షను ప్రకారము, వైద్యుని యాజ్ఞ లేక పిల్లలకు పొగాకు ఇచ్చినవానికి, ఇప్పించినవానికి ఏడేండ్లవరకు కఠినశిక్షయు, లక్షరూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును.

చదువరులు 6వ సెక్షనును మరల నొకసారి చూడగోరుచున్నాము. ఇంగ్లండు శాసనమున నున్న సందు ఇందులో లేదు. పిల్లవాడు తనకై కొనుచున్నాడా, తండ్రికై కొనుచున్నాడా యని ఇది యడుగదు. అమ్మరాదనుటయే. కాబట్టి ఇంటిలోని పెద్ద తన చుట్టలకై కుమారునిగాని మనుమనిగాని పంపిన ప్రతిసారియు అంగడివానిచేత నేరము చేయించుచున్నాడు. ఆ అంగడి ఒక్కొక్కచో విధవరాలు పొట్టపోసికొను బడ్డీ. పెద్దమనిషి బిడ్డకు లేదనుటకు ఆమెకు ధైర్యము చాలదు. ఆ దినము సంక్రాంతినాడు నేరము ఎవరివలన మొదలైనదో మాకు అప్పుడు బోధపడెను.

వయోనియమములు వట్టి కాగితములని కొందరందురు. అది నిజము కాదు. అమెరికాలో ఒకప్పుడు 21గా నున్న వయస్సును పొగాకు వర్తకుల పలుకుబడివలన అనేక రాష్ట్రములు పదునెనిమిదికి, కొన్ని పదునారుకు కూడ దించినవి. 1992లో సమాఖ్య ప్రభుత్వము పదునెనిమిదికి తగ్గరాదని కట్టడిచేసెను. 2005లో మసాచుసెట్సులోని నీడము అను చిన్నపట్టణము తనంతట తాను 21ని పెట్టుకొన్నది. 2006కును 2010కిని నడుమ ఆ యూరి పెద్దబడి పిల్లలలో సిగరెట్టు త్రాగువారు నూటికి 13 మందినుండి 7గురికి తగ్గిరి. చుట్టుపట్ల ఊళ్ళలో 15నుండి 12కు మాత్రమే తగ్గిరి. ఒక యూరివారు పట్టుబట్టగా కలిగిన ఫలమిది. 2019 డిసెంబరున అమెరికాదేశమంతటికి 21 చట్టమయ్యెను. పదునెనిమిదేండ్లవాడు పదునైదేండ్లవానితో ఒకే బడిలో, ఒకే ఆటస్థలమున నుండును. వాడు కొన్నది వీనికి చేరును. ఇరువదియొక్కటి చేసినచో ఆ వంతెన తెగునని వారి తలంపు.

ఇతరులును ఆ దారినే నడచుచున్నారు. శ్రీలంక 2006లోనే 21ని విధించెను. సింగపూరు ఏటేట ఒక్కొక్క సంవత్సరము పెంచుచు 2021 నాటికి 21కి చేర్చెను. మన పొరుగున కర్ణాటకశాసనసభ 2024లో అట్లే సవరణ చేసెను. న్యూజీలండు 2022లో మరియొక యెత్తు వేసెను: 2009 జనవరి మొదలు పుట్టినవారికి ఎన్నడును పొగాకు అమ్మరాదని శాసించి, ప్రభుత్వము మారగా 2024లో, అది అమలునకు రాకముందే, దానిని రద్దుచేసికొనెను. మాల్దీవులు 2025 నవంబరునుండి 2007 జనవరి మొదలు పుట్టినవారికి అట్టి నిషేధమును అమలునకు తెచ్చెను. ఈ కథలన్నిటిలో తేలునది ఒక్కటే. వయస్సు గీత తనంతట తాను నిలువదు. ప్రజలు కాచినంతకాలము నిలుచును. కాపు సడలినచో జారిపోవును.

ఈ సంగతి మన తెలుగువారికి క్రొత్త కాదు. గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో క్రొత్తరూపము పొందినది. అందు ముసలివరునికి అమ్మజూపిన పసిబాలికకై మనము కన్నీరు విడిచితిమి. అందే గిరీశము తన శిష్యుడైన వెంకటేశమునకు పొగచుట్ట మహిమను ఉపదేశించును. దానికి పగలబడి నవ్వితిమి. ఒకే నాటకమున వయస్సు చాలని బాలికయు, వయస్సు చాలని బాలుడును గలరు. మొదటిదానికై వీరేశలింగముపంతులుగారు మొదలైనవారు పోరాడిరి. 1929లో శారదాచట్టము బాలికకు 14, బాలునికి 18 యని గీత గీచెను. ఆ చట్టమును ఎన్ని పెండ్లిపందిళ్ళు పరిహసించినవో పెద్దలెరుగుదురు. 1978లో ఆ వయస్సులు 18, 21 అయినవి. చట్టము గీతను గీచి పెట్టెను; దానిని నిలిపినవారు మాత్రము, 'మా పిల్ల చదువుకొనుచున్నది, ఇప్పుడే చేయము' అని చుట్టపక్కాల నడుమ చెప్పగలిగిన తల్లిదండ్రులు. రెండవ బాలునికి చట్టము 2003లో వచ్చినది. వానికై గడపలో నిలిచి 'పంపము' అను తల్లిదండ్రులు ఇంకను రావలసియున్నది.

మా తాతగారు ఎనుబదియేండ్లు దాటి జీవించిరి. దినమునకు ఐదారు చుట్టలు కాల్చువారు. పొగాకువలన చెరుపులేదని వాదించువారు మా యింట ఆయననే సాక్షిగా చూపుదురు. మా చిన్నతనమున, సాయంకాలము ఆయన అరుగుమీద కూర్చుండి పిలువగా, మా అన్నగారు కొట్టునకు పరుగెత్తి చుట్టలు తెచ్చువారు. పిమ్మట వంటయింటి పొయ్యిలోని కణికతో చుట్టను ముట్టించి, అరుగువరకు తెచ్చియిచ్చుటయు ఆయన పనియే. చుట్ట ఆరిపోకుండవలెనన్న త్రోవలో ఒకటి రెండు దమ్ములు లాగక తప్పదు. అందరము చూచుచుండెడివారము. తప్పని ఎవ్వరికిని తోచలేదు. అన్నగారికి అప్పుడు పదునొకండేండ్లు. మాకు దగ్గు హెచ్చుగా నుండుటచేత ఆ పని మాకు తప్పినది. అన్నగారికి లభించిన ఆ గౌరవము మాకు లేదని ఏడ్చిన జ్ఞాపకము కూడ కలదు.

పదునైదేండ్లకు అన్నగారికి సొంత చుట్ట వచ్చినది, పిమ్మట సిగరెట్టు. మానవలెనని ముమ్మారు ప్రయత్నించిరి. నలువదియారవ యేట దవడలోపల పుండు లేచినది. ఏడాది తిరుగకముందే మమ్ము విడిచిరి. తాతగారు చుట్ట మొదలుపెట్టినది ముప్పదియవ యేట అని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. ఆయన ఆయువును చూపి వాదించువారు ఈ రెండు వయస్సులను ప్రక్కప్రక్కన పెట్టి చూడరు. అందరి దేహములును ఒకటి కావు కాబట్టి, ఈ భేదమొక్కటే సర్వమునకు కారణమని మేము వాదింపము. కాని పసితనమున పట్టిన నికోటిను ఎదుగుచున్న మెదడున గట్టిగా నాటుకొనునని నేటి వైద్యులు ఏకకంఠముగా చెప్పుచున్నారు. మానజాలమివలన అన్నగారు పడిన బాధను మేము కండ్లార చూచితిమి.

ఇది ఒక్క మా యింటి కథయే యనుకొనవలదు. 2019లో దేశమంతట 13 మొదలు 15 ఏండ్ల బడిపిల్లలను విచారింపగా, నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలెను. అలవాటైనవారు మొదలుపెట్టిన వయస్సులను వరుసగా పేర్చినచో నడుమ నిలుచునది సిగరెట్టునకు 11.5 ఏండ్లు, బీడీకి 10.5, నమలు పొగాకునకు 9.9. మా అన్నగారి పదునొకండు ఈ లెక్కలోనిదే. పదునొకండేండ్లవాడు దూరపు అంగళ్ళను వెదకికొని పోడు. పెద్దలు పంపు అంగడియే వానికి తెలిసిన అంగడి. పెద్దల చేతులలో చూచిన వస్తువే వానికి తెలిసిన వస్తువు.

ఇన్ని యెరిగియు మేము సంక్రాంతినాడు మా కుమారుని పంపితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టకుండుటకు కారణమిది. వాని వయస్సు పండ్రెండు. అన్నగారి చేతిలో చుట్టపెట్టిన ఇంటిలో పుట్టి, ఆయన చితికి నిప్పుపెట్టగా చూచి, ఇన్నేండ్లు పాఠములు చెప్పి, అతిథిమర్యాద అను పేరున అదే పని మరల చేసితిమి. అలవాటునకు గల బలము మరేమియు కాదు, ఇదియే. అది తప్పుచేయుచున్నట్లు తోపనీయదు.

ఈ వ్యాసము చదువు గృహస్థులను పొగాకు మానుడని కోరుటకు మాకు అధికారము లేదు, మానగలిగినచో ధన్యులు. మేము కోరునది అంతకంటె చిన్నది. మీకు గాని, మీ యింటికి వచ్చిన పెద్దలకు గాని చుట్ట, బీడీ, సిగరెట్టు, నమలు పొగాకు ఏది కావలసినను, పిల్లలచేత తెప్పింపకుడు. వారిచేత ముట్టింపింపకుడు. లేచి మీరే పోవుడు. ఆ నాలుగడుగులు నడచుటకు బద్ధకించినచో ఆ పూట పొగాకే తప్పును, మేలే జరిగినది. కొట్టుయజమాని మీ బిడ్డకు లేదనినచో కోపింపక, మంచిపని చేసితివని మెచ్చుకొనుడు. అంగడివారికి లేదను ధైర్యము మన మెప్పువలన వచ్చును. బడిముందు నూరు గజముల లోపల పొగాకు అమ్ముచున్నచో, పిల్లల తల్లిదండ్రులు నలుగురు కలిసి వెళ్ళి నెమ్మదిగా చెప్పుడు. నీడము పట్టణమువారు చేసినది ఇంతకంటె మిక్కిలి గొప్పది కాదు.

చుట్టముగారు మొన్న ఉగాదికి మరల వచ్చిరి. సాయంకాలము కాగానే అలవాటుచొప్పున మా కుమారుని పేరు పెట్టి పిలిచిరి. మేము లేచి, "వాడు పోడండి, నేను తెచ్చెదను" అని చెప్పులు తొడుగుకొంటిమి. వారు ఒక నిమిషము మా మొగము చూచి, "నాకోసము నీవు పోనేల? పోనీ, ఈ పూటకు వద్దులే" అనిరి. మా కుమారుడు పుస్తకమునుండి తల యెత్తలేదు. కాని వింటున్నాడని మాకు తెలియును.